గత్తర టీకా, గొలుసుకట్టు చెరువు

తెలంగాణ పల్లెల్లో పాతకాలపు తిట్లలో గత్తర ఒకటి. "నీకు గత్తర రాను" అని ఎవరైనా అంటే, అన్నవాళ్ళకీ పడ్డవాళ్ళకీ ఆ మాట బరువెంతో కళ్ళారా చూసి తెలిసిన రోజులవి. పొద్దున వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే పొద్దుగూకేసరికి మనిషి దక్కడం కష్టం. 1813లో జంటనగరాల్లో గత్తర చెలరేగితే, ఉజ్జయినిలో పటాలంతో ఉన్న సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపాడనీ చెబుతారు. ఇప్పటికీ ఆషాఢంలో లష్కర్ బోనాలు ఎత్తేది ఆ గుడికే. తర్వాత గత్తర కలరా అయింది. మంచినీళ్ళు, సెలైన్, ఓఆర్ఎస్ వచ్చాక ఆ తిట్టుకు పదును పోయింది.

ఆ గత్తరకు నోట్లో పోసే టీకా ఒకటి మొన్నమొన్నటి దాకా మేడ్చల్‌లో తయారయ్యేదన్న సంగతి ఆ ఊరివాళ్ళలోనే చాలామందికి తెలియదు. నాగపూర్ రోడ్డు మీద అత్వెల్లి దగ్గర శాంతా బయోటెక్నిక్స్ ఆవరణలో పుట్టిన ఆ టీకా పేరు శాంకాల్. చిన్న గాజు సీసా, అందులో ఒకటిన్నర మిల్లీలీటర్ల మసక ద్రవం. అల్యూమినియం సీలు ఊడదీసి, రబ్బరు మూత తీసి, తిన్నగా నోట్లో పోయడమే. సూది లేదు, నర్సు చేతి నైపుణ్యంతో పనిలేదు. అంతకుముందున్న యూరప్ టీకాలో కలరా విషంలోని ఒక ప్రోటీన్ ముక్క ఉండేది. కడుపులోని ఆమ్లానికి అది చెడిపోకుండా గ్లాసెడు క్షారజలంలో కలిపి తాగించాలి. మంచినీళ్ళే దొరకని చోట ప్రతి మనిషికీ గ్లాసెడు శుభ్రమైన నీళ్ళు ఎక్కడ తేవాలి? శాంకాల్‌లో చంపిన బ్యాక్టీరియా తప్ప మరొకటి లేదు కాబట్టి ఆ బాధ తప్పింది. 2012లో హైతీలో దాదాపు లక్షమందికి వేసింది దీన్నే. అదే ఏడాది గినీలోనూ, అంతకుముందు 2011లో ఒడిశాలోని పూరీ జిల్లాలోనూ వేశారు.

ఈ టీకా మేడ్చల్ చేరిన దారి పెద్దదే. స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన వియత్నాం చేతికి వెళ్ళింది. వాళ్ళు దాన్ని పేదదేశం చేసుకోగలిగిన చవక టీకాగా మలిచి 1990లలో తమ పిల్లలకు తాగించారు. సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ (దాన్ని ఐవీఐ అంటారు) ఆ తయారీని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలకు సరిపడేలా సవరించి శాంతాకు అప్పగించింది. కోల్‌కతా బస్తీల్లో వేలమంది మీద పరీక్షించారు. 2009లో మనదేశంలో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు. 2013లో ఆ సంస్థ, యూనిసెఫ్, రెడ్‌క్రాస్ సమాఖ్య, వైద్యుల స్వచ్ఛంద సంస్థ ఎంఎస్ఎఫ్ కలిసి నడిపే అత్యవసర నిల్వను 20 లక్షల డోసుల లక్ష్యంతో మొదలుపెట్టినప్పుడు, ఆ నిల్వకు ఆధారం మేడ్చల్.

ఇక రెండో అంకం. శాంతాను కొన్న ఫ్రెంచి సంస్థ సనోఫీ 2020లో ఒక నిర్ణయం తీసుకుంది: 2022 చివరికి శాంకాల్ తయారీ ఆపాలి, 2023 చివరికి సరఫరా కూడా. మొత్తంలో తమ వాటా చిన్నది, వేరే తయారీదారులు సామర్థ్యం పెంచుతున్నారు అన్నది వాళ్ళ లెక్క. వేరే తయారీదారులు అంటే ఆ అత్యవసర నిల్వకు ఒక్కరే. దక్షిణ కొరియాలోని యూబయోలాజిక్స్. దానికి కూడా పరిజ్ఞానం ఇచ్చింది ఐవీఐయే.

సరిగ్గా ఆ సమయానికే గత్తర మళ్ళీ లేచింది. తుపానులు, వరదలు, యుద్ధాలు, శరణార్థి శిబిరాలు. 2022లో దాదాపు 30 దేశాల్లో కలరా చెలరేగింది. ఆ అక్టోబరులో అత్యవసర నిల్వ నడిపేవాళ్ళు చేయకూడని పని చేయాల్సి వచ్చింది: రెండు డోసుల టీకాను ఒక్క డోసుకు కుదించారు. ఒక్క డోసు రక్షణ ఎంతకాలమో గట్టిగా చెప్పలేం. చిన్నపిల్లల్లో అది బాగా బలహీనం. అయినా ఉన్నది పంచుకోవాలి కదా. 2023లో 45 దేశాల నుంచి 5,35,000 పైగా కేసులు, 4,000 పైగా మరణాలు లెక్కకు వచ్చాయి. లెక్కకు రానివి ఎక్కువే ఉంటాయి. 2024 మొదట్లో నిల్వ పూర్తిగా అడుగంటింది. కొరియా ఫ్యాక్టరీ నుంచి ఎంత వస్తే అంత, వచ్చింది వచ్చినట్టే ఏదో ఒక దేశానికి.

ఇందులో దొంగ ఎవరు? వెతికితే దొరకడు. ఎవరి ఖాతా పుస్తకం వాళ్ళ దగ్గర సరిగానే ఉంది. కలరా టీకా డోసు ధర రెండు డాలర్లలోపే. కొనేది దాదాపుగా ఒక్కరే, యూనిసెఫ్. ఏ ఏడాది ఎన్ని కావాలో ఆ ఏటి వానలు, యుద్ధాలు తేలుస్తాయి. అలాంటి సరుకు కోసం ఒక లైను మొత్తం తెరిచి ఉంచడం ఏ కంపెనీకైనా బరువు. విడివిడిగా చూస్తే అందరి లెక్కా ఒప్పే. అన్నీ కలిపితే ప్రపంచానికి ఒకే గుమ్మం మిగిలింది.

సరఫరా గొలుసు అన్న మాట మనకు కొత్త కావచ్చు గానీ గొలుసు కొత్త కాదు. షామీర్‌పేట పెద్దచెరువు కట్ట మీద వానాకాలంలో నిలబడితే తెలుస్తుంది. తెలంగాణ నేల మీద చెరువులు ఒంటరిగా ఉండవు, గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే మరో కిందిదానికి. వాన రెండు నెలలు మొఖం చాటేసినా ఏ చెరువు కింది ఆయకట్టు ఆ చెరువు నిల్వతో కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. ప్రతి కడియంలోనూ నిల్వ ఉన్న గొలుసు అది.

గత నలభై ఏళ్ళలో ఫ్యాక్టరీలు నేర్చుకున్న పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. గోదాములో పడి ఉన్న సరుకు అంటే చచ్చిన డబ్బు, కాబట్టి నిల్వ వద్దు, ఏ రోజు సరుకు ఆ రోజే రావాలి. అంటే చెరువులన్నీ పూడ్చి ఒకటే కాలువ తవ్వడం. కాలువ పారినంత కాలం ఇంత పొదుపైన ఏర్పాటు ఇంకోటి లేదు. తూము దగ్గర ఒక్క బండరాయి అడ్డం పడిననాడు మాత్రం చిట్టచివరి మడి కూడా ఆ పూటే ఎండుతుంది.

అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు డేవిడ్ సిమ్చి-లీవై ఈ సంగతికి ఒక చక్కటి కొలత ఇచ్చాడు. గొలుసులో ప్రతి కడియానికీ రెండు ప్రశ్నలు వేయమన్నాడు. ఇది తెగితే మళ్ళీ నిలబడటానికి ఎన్ని రోజులు? ఇది లేకుండా మిగతావాళ్ళం ఎన్ని రోజులు బతకగలం? మొదటి అంకె రెండోదాన్ని దాటిన చోట ప్రమాదం ఉన్నట్టు. ఏ వరదకు ఎంత సంభావ్యత, ఏ యుద్ధం ఎప్పుడు అని జోస్యాలు చెప్పక్కర్లేదు. ఏ కారణంతో తెగినా లెక్క ఒకటే. ఫోర్డ్ కార్ల కంపెనీ సరఫరాదారులను ఈ లెక్కలో పెడితే తేలిందేమిటంటే, అసలు ప్రమాదం ఖరీదైన విడిభాగాల దగ్గర లేదు. ఖరీదైనవాటిని అందరూ కాపలా కాస్తూనే ఉంటారు. ఎవరూ పట్టించుకోని చవక ముక్కల దగ్గరే గండి ఉంది. కలరా టీకా కూడా అంతే. చవక కాబట్టే ఎవరూ దానివైపు చూడలేదు.

2021లో ఈ చవక ముక్కల పాఠం షామీర్‌పేట దాకా వచ్చింది. రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి, కొల్తూరుల చుట్టూ పరుచుకున్న జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ కరోనా టీకాల పనిలో రాత్రింబవళ్ళు ఉన్న కాలం. అప్పుడు లోకమంతా కొట్లాడుకున్నది సంచుల కోసమంటే చదువరి నవ్వవచ్చు. నిజంగా సంచులే. ఇప్పటి టీకా ఫ్యాక్టరీల్లో కణాలను చాలాచోట్ల పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో పెంచుతారు. కొన్ని రెండువేల లీటర్లు పడతాయి. పొరలు పొరలుగా చేసిన ప్లాస్టిక్, గామా కిరణాలతో సూక్ష్మజీవి లేకుండా చేసి, సీలు వేసి వస్తుంది. స్టీలు పాత్రలాగా ఆవిరి పట్టి కడగనక్కర్లేదు, ఒక బ్యాచ్ అవగానే పారేయడమే. వీటిని చేసే పెద్ద కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఒకరి సంచి ఇంకొకరి పాత్రలో సరిగా కూర్చోదు. కూర్చున్నా వాడటానికి లేదు. సంచి మారిస్తే, దాని ప్లాస్టిక్ నుంచి మందులోకి ఏదీ ఊరడం లేదని మళ్ళీ పరీక్షించి నియంత్రణాధికారులకు చూపాలి. ఇంట్లో మిక్సీ జార్ పగిలితే పక్క కంపెనీది తెచ్చుకున్నట్టు ఇక్కడ కుదరదు. నెలలు పడుతుంది.

ఆ సమయంలో అమెరికా తన రక్షణ ఉత్పత్తి చట్టం కింద సంచులు, ఫిల్టర్లు, ముడిసరుకులు ముందు తమ టీకాలకే దక్కాలని వరస పెట్టింది. 2021 ఏప్రిల్‌లో పుణెలోని సీరం సంస్థ అధిపతి అదార్ పూనావాలా అమెరికా అధ్యక్షుణ్ణి ట్విటర్‌లోనే బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇందులో ఒక చమత్కారం ఉంది. దానికి నెల ముందే, మార్చిలో, అమెరికా కూడా ఉన్న క్వాడ్ కూటమి 2022 చివరికి కనీసం 100 కోట్ల డోసులు చేసేలా బయోలాజికల్-ఇ సామర్థ్యం పెంచడానికి సాయం చేస్తామని ప్రకటించింది. ఒక చేత్తో పొయ్యి కొనిపెడుతూ రెండో చేత్తో కట్టెలు పట్టుకుని కూర్చోవడమంటే ఇదే. జూన్‌లో కొన్ని టీకాలకు ఆ ప్రాధాన్యం ఎత్తేశాక ముడి కొంత వదులైంది.

కొరత మాట వినగానే ఎవరైనా చేసే మొదటి పని అవసరానికి మించి ఆర్డరు పెట్టడం. ఫ్యాక్టరీ రెట్టింపు అడుగుతుంది, దానికి సరఫరా చేసేవాడు తన పైవాడిని నాలుగింతలు అడుగుతాడు. చెర్నకోల పిడి దగ్గర మణికట్టు కాస్త కదిలితే కొస దగ్గర ఛెళ్ళుమన్నట్టు, ఇక్కడి చిన్న కుదుపు అక్కడికి పెద్దదై చేరుతుంది. దీన్ని 1961లోనే ఎంఐటీలో జే ఫారెస్టర్ లెక్కలు కట్టి చూపాడు. వ్యాపార పాఠ్యపుస్తకాలు కూడా దీన్ని కొరడా పేరుతోనే పిలుస్తాయి. అందుకే కొరత తర్వాత దాదాపు ఎప్పుడూ అతినిల్వ వస్తుంది. ఆ అతినిల్వ చూసి కంపెనీలు లైన్లు మూసేస్తాయి. తర్వాతి కొరతకు అక్కడే బీజం.

కొన్ని కడియాలు మనుషుల చేతిలో కూడా ఉండవు. భారత్ బయోటెక్ మలేరియా టీకా కథే తీసుకోండి. ఆఫ్రికా పిల్లలకు వేస్తున్న మొదటి మలేరియా టీకా బ్రిటన్ మందుల కంపెనీ జీఎస్‌కేది. అందులోని ప్రోటీన్ భాగం తయారీని ఆ సంస్థ మన భారత్ బయోటెక్‌కు అప్పగిస్తోంది. 2028 నాటికి డోసు ధర ఐదు డాలర్లలోపుకు తెస్తామని 2025లో రెండు కంపెనీలూ ప్రకటించాయి. అయితే ఆ టీకాకు పదును పెట్టే సహాయక ద్రవ్యం మాత్రం జీఎస్‌కే నుంచే రావాలి. అందులో ఒక ముఖ్యమైన పదార్థం చిలీ దేశపు చెట్టు బెరడులోంచి తీస్తారు. ఆ చెట్టు పేరు కిల్లాయ. బెరడు నానబెట్టి రుద్దితే నురగ వస్తుంది. మన కుంకుడుకాయలో నురగ తెచ్చే సపోనిన్ల కుటుంబానిదే ఆ పదార్థం కూడా. అంటే ఏదో ఒక ఆఫ్రికా పల్లెలో పసిబిడ్డకు వేసే సూదిమందు వెనుక, భారత్ బయోటెక్ వెనుక, యూరప్ వెనుక, చిలీ కొండల్లో ఒక కుంకుడు వంటి చెట్టు ఉంది. అక్కడ కార్చిచ్చు రేగితే ఇక్కడ ఎవరి లెక్కలో కనబడుతుంది? ఈ పదార్థాన్ని ఈస్ట్‌తోనే చేయించవచ్చని 2024లో అమెరికా శాస్త్రవేత్తలు చూపారు. ప్రయోగశాల నుంచి ఫ్యాక్టరీకి ఆ దూరం ఇంకా నడవాలి.

అన్నీ మనమే చేసుకుంటే పోదా అనిపిస్తుంది. మనం ఒకప్పుడు చేసుకున్నవాళ్ళమే. 1961లో పుట్టిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌కు బాలానగర్‌లో మందుల కర్మాగారం ఉండేది. హైదరాబాద్ చుట్టూ లేచిన ఎన్నో బల్క్‌డ్రగ్ కంపెనీలకు అక్కడ పనిచేసిన మనుషులే విత్తనం. డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్ చేతి మనిషే. పెన్సిలిన్ ముడిసరుకును మనదేశంలో చాలాచోట్ల పులియబెట్టి చేసేవాళ్ళం. చైనా సరుకు చవగ్గా వచ్చాక ఒక్కొక్క ట్యాంకూ ఖాళీ అయింది. పోనీలే, తక్కువకు దొరుకుతోంది కదా అనుకున్నాం. 2020లో చైనాలో ఫ్యాక్టరీలు ఆగేసరికి ఇక్కడ కంగారు పుట్టింది. ఆ మార్చి 3న పారాసిటమాల్‌తో కలిపి 26 మందుల ఎగుమతి మీద మనమే ఆంక్ష పెట్టాం. గండి ఒక కట్టకు పడితే కింది కట్టలన్నీ వరసగా తెగినట్టు, ఒక దేశం భయం పక్క దేశానికి అంటింది. ఆ తర్వాతే కేంద్రం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం పెట్టింది. కాకినాడ దగ్గర అరబిందో అనుబంధ సంస్థ ఏటా 15,000 టన్నుల పెన్సిలిన్-జి సామర్థ్యంతో కర్మాగారం కట్టి 2024కు ఉత్పత్తిలోకి వచ్చింది. పులియబెట్టడం తెలిసిన చేతులు ముప్పై ఏళ్ళకు మళ్ళీ తయారుకావాలి కదా. యంత్రాలు కొనుక్కోవచ్చు, చేతివాటం కొనుక్కోలేం.

చేతివాటం పోకపోతే ఏమవుతుందో కూడా మేడ్చలే చూపింది. 1993లో వరప్రసాద్ రెడ్డి తల్లి శాంతమ్మ పేరుతో శాంతా పెట్టి, 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఒక రకం ఈస్ట్‌లో పెంచిన ప్రోటీన్. దిగుమతి టీకా వందల రూపాయలున్న రోజుల్లో దాన్ని యాభై రూపాయల ప్రాంతానికి దించారు. పాతికేళ్ళ తర్వాత, 2021 డిసెంబరులో అనుమతి వచ్చిన బయోలాజికల్-ఇ కరోనా టీకా కోర్బెవ్యాక్స్ కూడా అదే జాతి ఈస్ట్‌లో పెంచినదే. అమెరికాలోని టెక్సస్ శాస్త్రవేత్తలు ఈస్ట్ బాటను ఎంచుకున్నదే, అది హైదరాబాద్ లాంటి చోట్ల అప్పటికే తెలిసిన విద్య కాబట్టి. ఇది గోదాములో కనబడని నిల్వ.

కలరా టీకా దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే ఆ గొలుసును ఇప్పుడు అతుకుతున్న తీరు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. శాంకాల్‌లో నాలుగు జాతుల కలరా బ్యాక్టీరియా ఉండేది. వాటిని కొన్నిటిని వేడితో, కొన్నిటిని ఫార్మలిన్‌తో చంపేవారు. ఒక జాతిని రెండు విధాలుగానూ చంపాలి. అంటే ఒక్క టీకా కోసం ఐదు భాగాలు విడివిడిగా వండాలి, ఐదింటినీ విడివిడిగా పరీక్షించాలి, ఆపై కలపాలి. టీకా తయారీలో పెంచడానికి పట్టే సమయం కన్నా పరీక్షలకు పట్టేదే ఎక్కువ. ఐదింట ఏ ఒక్కటి గీత దాటినా మిగతా నాలుగూ దానికోసం కూర్చోవాలి. ఒకే పొయ్యి మీద ఐదు కూరలు చేసేవాళ్ళకు ఈ బాధ చెప్పనక్కర్లేదు.

అందుకని ఐవీఐ శాస్త్రవేత్తలు తయారీనే సులువు చేశారు. భాగాలు తగ్గించి, చంపే పద్ధతి ఒక్కటే ఉంచారు. ఆ సులువు టీకాకు 2024 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు రావడంతో కొరియా కంపెనీ అదే ఫ్యాక్టరీలో ఎక్కువ డోసులు తీయగలుగుతోంది. గాజు సీసా బదులు ప్లాస్టిక్ గొట్టంలో నింపడం వాళ్ళు అంతకుముందే మొదలుపెట్టారు. కొత్త గోడ ఒక్కటీ కట్టకుండా సరుకు పెరిగింది. గొలుసు బలపరచడం అంటే కడియాలు చేర్చడమనే మనకు తోస్తుంది. కొన్నిసార్లు కడియాలు తీసేయడమే మంచి ఇంజనీరింగ్.

ఇదే సులువు టీకా పరిజ్ఞానం కోసం 2022 నవంబరులో ఐవీఐతో ఒప్పందం చేసుకున్నది మన బయోలాజికల్-ఇ. భారత్ బయోటెక్ ఇంకో దారి పట్టింది. హిల్‌మన్ ల్యాబొరేటరీస్‌తో కలిసి ఒకే ఒక్క జాతి బ్యాక్టీరియాతో హిల్‌కాల్ అనే టీకా చేసి 2024 ఆగస్టులో విడుదల చేసింది. కలరా బ్యాక్టీరియాలో ప్రధానమైన రెండు రకాల గుర్తులనూ ఒకే ఒంటి మీద మోసే అరుదైన జాతి అది. ఐదు కూరల వంట ఒక కూరకు వచ్చింది. అంటే మేడ్చల్‌లో ఆగిన పని, ఔటర్ రింగు రోడ్డు మీద ఒక్క ఎగ్జిట్ దూరంలోని షామీర్‌పేటలో రెండు గుమ్మాల్లో మొదలవుతోంది.

ఇక్కడే నాకు చిన్న శంక. రెండు కంపెనీలు అంటే కాగితం మీద ఇద్దరు. నేల మీద చూస్తే ఇద్దరికీ అదే రాజీవ్ రహదారి, అదే కరెంటు, అదే శంషాబాద్ విమానాశ్రయం. 2020 అక్టోబరులో ఇదే మేడ్చల్ జిల్లాలోని ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 30 సెంటీమీటర్ల పైన వాన కురిసింది. ఆ రాత్రి నగరం చుట్టూ చెరువు కట్టలు తెగడం, లారీలు రోడ్ల మీదే నిలిచిపోవడం మనం చూశాం. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. జనరేటర్‌కు డీజిల్ ఉన్నంతసేపే ఆ డిగ్రీలు. గొలుసుకట్టు చెరువులైనా ఒకే వాగు మీద ఉంటే ఒకే వానకు తెగుతాయి.

భారత్ బయోటెక్ హిల్‌కాల్‌ను హైదరాబాద్‌తో పాటు భువనేశ్వర్‌లో కూడా చేసే ఏర్పాటు పెట్టుకుంది. రెండు చోట్లా కలిపి ఏటా 20 కోట్ల డోసుల దాకా చేయగలమని విడుదల నాడు చెప్పింది. ఖర్చు పెరుగుతుంది, రెండు చోట్లా మనుషులను పెట్టాలి, రెండు చోట్లా బ్యాచ్‌లు పరీక్షించాలి. అయినా ఆ అంకెల్లో నా కన్ను ఆగింది 20 కోట్ల దగ్గర కాదు, భువనేశ్వర్ అన్న మాట దగ్గర. అది వేరే వాగు.